మీకు తెలుసా? మణికట్టుకు వేసే కట్టు అసలు ఒక రాయి!

మణికట్టు విరిగిందా? ఆపరేషన్ అక్కర్లేదు, కట్టు చాలన్నారా? అయితే డాక్టరు మీ చేతికి కట్టబోయేది రాయి! నమ్మరా? ఆ తెల్లటి కట్టులో ఉండేది జిప్సం. భూమిలోంచి తవ్వి తీసే రాయి! దాన్ని 150 డిగ్రీల లోపు వేడి చేస్తే లోపలి నీటిలో నాలుగింట మూడు వంతులు ఎగిరిపోతుంది. రాయి కాస్తా పిండైపోతుంది! ఆ పిండి పట్టించిన గుడ్డనే ఆసుపత్రిలో నీళ్ళలో ముంచుతారు. పోయిన నీరు తిరిగొచ్చిందో లేదో, పిండి మళ్ళీ రాయి! ఈసారి మీ చేయి చుట్టూ!

ఇంకో మాట వినండి. పిండి రాయిగా మారేటప్పుడు వేడి పుడుతుంది! పొయ్యి లేదు, కరెంటు లేదు, అయినా వేడి! కట్టు వేసిన కాసేపటికి చేయి వెచ్చబడేది అందుకే. కంగారు పడకండి. చూసుకోవాల్సింది బకెట్లో నీళ్ళని! అవి 24 డిగ్రీలు దాటకపోతే మంచిది. బాగా వేడినీళ్ళు వాడి, పొరలు మందంగా చుట్టి, ఆ తడి కట్టును తీసుకెళ్ళి దిండు మీద పెట్టారనుకోండి. వేడి బయటికి పోయే దారే ఉండదు. కట్టు కిందే చర్మం కాలిపోవచ్చు! కాబట్టి చలికాలమైనా సరే, వేడినీళ్ళు వాడమని అడక్కండి!

5 నిమిషాల్లో గట్టిపడిపోతుంది కదా, ఇక భయమేముంది అనుకుంటున్నారా? ఆగండి! గట్టిపడటం వేరు, ఆరటం వేరు! పిండి కట్టు పూర్తిగా ఆరడానికి 24 నుంచి 72 గంటలు పడుతుంది. అంతవరకూ దానికి సగం బలమైనా ఉండదు. టేబుల్ అంచుకు ఆనించారా, అక్కడ సొట్ట పడుతుంది! ఆ సొట్ట లోపల చర్మాన్ని నొక్కుతూనే ఉంటుంది. మొదటి రెండు రోజులూ చేతిని గాజుబొమ్మలా చూసుకోండి.

గాజు అంటే గుర్తొచ్చింది! ఫైబర్ కట్టు ఉంది చూశారూ, రంగురంగుల్లో వచ్చేది? అందులో ఉన్నది నిజంగా గాజే! సన్నని గాజు నూలుతో అల్లిన పట్టీ అది. దానికి పాలీయూరిథేన్ జిగురు పట్టిస్తారు. నీళ్ళు తగలగానే అది బిగుసుకుంటుంది. 30 నిమిషాలు గడిచాయంటే దాదాపు పూర్తి బలం వచ్చేసినట్టే! పిండి కట్టుకు రోజులు కావాలి. దీనికి ఒక సీరియల్ ఎపిసోడ్ అంత సేపు చాలు!

ఫైబర్ పట్టీని గాలి ఆడని రేకు ప్యాకెట్లో ఎందుకు అమ్ముతారో తెలుసా? గాలిలో తేమ తగిలినా చాలు, అది గట్టిపడటం మొదలుపెడుతుంది! అందుకే ముందే తెరిచి పెట్టుకోరు. 3.6 మీటర్ల చుట్ట అది. ఫోన్ మాట్లాడి వచ్చి వేద్దాంలే అనుకుంటే చేతికి రాదు, చెత్తబుట్టకే! దాన్ని వేసే మనిషి గ్లవుజులు తొడుక్కోక తప్పదు. ఆ జిగురు చర్మానికి అంటితే ఓ పట్టాన వదలదు మరి!

పిండి పట్టీ చుట్ట పొడవు 2.7 మీటర్లు. చేతి కట్టుకు అలాంటివి ఒకటో రెండో చాలు!

సరే, అసలు ప్రశ్న. పిండి మంచిదా? ఫైబర్ మంచిదా? ఆపరేషన్ లేని మణికట్టు వైద్యం మీద జరిగిన పరీక్షలన్నింటినీ కాక్రేన్ సంస్థ 2003లో ఒక్కచోట చేర్చింది. 37 పరీక్షలు! 4,215 మంది రోగులు! తేలిందేమిటో తెలుసా? ఏమీ తేలలేదు! ఏ రకం కట్టు అన్నిటికన్నా మేలో గట్టిగా చెప్పేంత ఆధారం దొరకలేదు! నాలుగు వేల చేతులకు కట్టు కట్టి, విప్పి, కొలిచి కూడా!

మరి డాక్టర్లు ఎలా ఎంచుకుంటారు? ఇక్కడ అసలు రహస్యం చెబుతాను, దగ్గరికి రండి. సరుకు కన్నా చేయి గొప్పది! తడి కట్టును డాక్టరు 3 చోట్ల అరచేత్తో నొక్కి పట్టుకుంటారు. విరిగిన చోట అటు నుంచి ఒక నొక్కు. పైనా కిందా ఇటు నుంచి చెరో నొక్కు. ఆ మూడు నొక్కులే ఎముకను కదలనివ్వవు! కట్టు అంటే చుట్టేసి వదిలేయడం కాదన్నమాట. పిండి కట్టు ఆ నొక్కులను చక్కగా వింటుంది. పెట్టిన చోట ఉంటుంది. ఫైబర్ కాస్త మొండిది! నొక్కి వదిలితే వెనక్కి లేస్తుంది. విరిగిన ఎముకను లాగి సరిచేసిన రోజున చాలామంది డాక్టర్లు పిండినే అడిగేది ఇందుకే!

ఇంకా వింత! ఎముక నిటారుగా అతకాలంటే కట్టు వంకరగా ఉండాలి! నిజమండీ! ఈ సంగతిని జాన్ చార్న్‌లీ అనే ఇంగ్లీషు డాక్టరు 1950లో తన పుస్తకంలో కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. చూడ్డానికి గొట్టంలా అందంగా, నిటారుగా ఉన్న కట్టు పనికిమాలిన కట్టు కావచ్చు! ఆ తర్వాత ఈయనే తుంటి కీలు మార్పిడి ఆపరేషన్‌కు పేరు మోశాడు. ఆపరేషన్లలో అంతటివాడు కట్టు మీద ఏకంగా ఓ పుస్తకం రాశాడంటే చూడండి!

మీ కట్టు మంచిదో కాదో ఒక అంకె చెప్పేస్తుంది! ఎక్స్‌రేలో కట్టు లోపలి మందం కొలుస్తారు. పక్క నుంచి తీసిన దాన్ని ఎదురుగా తీసిన దాంతో భాగిస్తారు. పిల్లల ముంజేతి కట్టులో ఆ లెక్క 0.8 దాటకూడదు! దాటిందంటే కట్టు గుండ్రంగా ఉందని అర్థం. గుండ్రని కట్టులో ఎముక మళ్ళీ జారే ప్రమాదం ఎక్కువ! ముంజేయి అసలు గుండ్రంగా ఉండదు కదా. కాస్త బల్లపరుపుగా ఉంటుంది. కట్టూ అలాగే ఉండాలి!

ఆరేది ఏదైనా కుంచించుకుపోతుందనేగా మన లెక్క? జిప్సం దానికి ఎదురు! గట్టిపడేటప్పుడు అది పొంగుతుంది! ఎంతో కాదు, నూటికి 0.3 వంతు లోపే. అయినా పొంగడం పొంగడమే! ముంచే నీళ్ళలో చిటికెడు ఉప్పు వేస్తే త్వరగా గట్టిపడుతుందన్నది ఇంకో వింత!

కొందరికి మొదటి రోజు సగం కట్టే వేస్తారు. చూసి "ఇదేంటి, సగంలో వదిలేశారు!" అంటాం. కాదండీ, తెలిసే వదిలారు! దాన్ని స్లాబ్ అంటారు. చేతికి 8 నుంచి 10 పొరల పిండి పట్టీ ఒకవైపు పరిచి, పైన మామూలు గుడ్డపట్టీ చుడతారు. విరిగిన చేయి మొదటి రెండు మూడు రోజులూ వాస్తుంది. ఆ వాపుకు చోటు కావాలి! చుట్టూ రాయి కట్టేస్తే వాపు లోపలికే నొక్కుతుంది. నరాలు నలుగుతాయి. రక్తం ఆగుతుంది. వాపు తగ్గాక పూర్తి కట్టు. అప్పుడు ఫైబర్ వేసినా దిగుల్లేదు!

ఈ బిగువు సంగతి మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు! సుశ్రుతుడు ఏం చెప్పాడో చూడండి. చలికాలంలో 7 రోజులకోసారి కట్టు మార్చాలి. ఎండాకాలంలో 3 రోజులకే మార్చాలి. మధ్యస్థంగా ఉంటే 5 రోజులు! వదులైతే కీలు నిలవదు, బిగిస్తే వాపూ నొప్పీ అని కూడా హెచ్చరించాడు. బద్దలకు ఆయన వాడమన్నవి రావి, మర్రి, మేడి, మోదుగ, మద్ది, ఇప్ప చెట్ల బెరళ్ళు, వెదురు. మన ఊరి చెరువుగట్టు మీద సగం దొరికేవే!

ఈజిప్టులో ఇంకా పాత కట్టు దొరికింది! 1903లో నగా ఎడ్ డేర్ అనే చోట సమాధులు తవ్వారు. విరిగిన ముంజేయి ఒకటి బయటపడింది. చుట్టూ బెరడు బద్దలు, నార గుడ్డ! సుమారు 4,500 ఏళ్ళ నాటి కట్టు అది! కట్టిన చేతులు పోయాయి. కట్టు మాత్రం ఉంది!

తిరుపతి నుంచి చెన్నై దారిలో 35 కిలోమీటర్లు వెళ్తే పుత్తూరు. పుత్తూరు కట్టు వినని తెలుగువాడు ఉన్నాడా? ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ, కోడిగుడ్డు తెల్లసొన. ఆ తెల్లసొన ఆరి బిగుసుకుంటుంది! ఇక వింత వినండి. వెయ్యేళ్ళ కిందట స్పెయిన్‌లో కార్డోబా పక్కన అల్ జహ్రావీ అనే వైద్యుడు ఉండేవాడు. కట్టుకు ఆయనా కోడిగుడ్డు తెల్లసొనే వాడాడు! తిరగలి దగ్గర ఎగిరే పిండిదుమ్ముతో కలిపి! ఆయన ఎక్కడ, మన పుత్తూరు ఎక్కడ!

కానీ ఒక్క మాట, మొహమాటం లేకుండా చెబుతాను. నాటు కట్టు ఎవరు కట్టినా, బద్దలు బిగుసుకుంటే ప్రమాదమే! బిగువుకు రక్తం ఆగి వేళ్ళు కుళ్ళిన కేసుల గురించి మన ఎముకల డాక్టర్లు ఎన్నోసార్లు రాశారు. ముందు ఎక్స్‌రే తీయించండి. పక్క నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, కనీసం 2! ఏం విరిగిందో తెలియకుండా ఏ కట్టూ వద్దు.

ఎక్స్‌రే అంటే ఇంకోటి! ఐర్లండ్ డాక్టరు అబ్రహాం కోలిస్ మణికట్టు ఎలా విరుగుతుందో 1814లోనే రాశాడు. ఎక్స్‌రే పుట్టింది 1895లో! అంటే 81 ఏళ్ళ ముందే! ఎముకను చూడకుండా, చేతి వంకరను బట్టి, వేళ్ళతో తడిమి! ఇప్పటికీ ఆ రకం ఫ్రాక్చర్‌ను ఆయన పేరుతోనే పిలుస్తారు.

అమెరికాలో వైద్యం కోసం తీసిన తొలి ఎక్స్‌రేల్లో ఒకటి ఏమిటో తెలుసా? విరిగిన మణికట్టే! 1896 ఫిబ్రవరి 3న డార్ట్‌మత్ కళాశాలలో తీశారు. మంచు మీద జారి పడ్డ ఓ కుర్రాడి చేయి అది. ఫొటో పడేదాకా పాపం 20 నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు!

కట్టు తీయకుండానే ఎముక చూడొచ్చు కదా? చూడొచ్చు! కానీ పిండి కట్టు ఎక్స్‌రేకి కాస్త అడ్డం. జిప్సంలోని కాల్షియమే కారణం. ఎముకలోనూ కాల్షియమే కదా! ఫైబర్‌లోంచి బొమ్మ ఇంకా స్పష్టంగా పడుతుంది. ఇక్కడ మాత్రం ఫైబర్‌కే మార్కులు! కట్టు వేసిన మొదటి 2 వారాల్లో ఎక్స్‌రేకి రమ్మంటే మానకండి. ఎముక జారితే సాధారణంగా అప్పుడే జారుతుంది!

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద వింత! బ్రిటన్‌లో 36 ఆసుపత్రులు కలిసి ఒక పరీక్ష చేశాయి. 2022లో ఫలితం వచ్చింది. మణికట్టు విరిగి, ఎముక పక్కకు జరిగిన 500 మంది. అందరికీ మత్తిచ్చి ఎముక సరిచేశారు. సగం మందికి లోపల సన్నని తీగలు గుచ్చారు. మిగతా సగానికి చక్కగా నొక్కి మలిచిన కట్టు, అంతే! ఏడాది తర్వాత చేయి ఎవరిది బాగా పనిచేస్తోంది? తేడా లేదు! నొప్పికీ, పని చేయలేకపోవడానికీ నూటికి వేసిన మార్కులు ఒకవైపు 20.7, మరోవైపు 21.2! తక్కువ వస్తే మేలు. అయినా అరమార్కు తేడా ఒక తేడానా!

అయితే అదే పరీక్షలో ఇంకో అంకె ఉంది, దాచను! కట్టు వేసిన 255 మందిలో 33 మందికి ఆరు వారాల్లోపే ఆపరేషన్ తప్పలేదు. కట్టులో ఎముక నిలవలేదు. తీగలు గుచ్చిన వాళ్ళలో అలా అయింది ఒక్కరికే! అంటే కట్టుతో ఎనిమిది మందిలో ఒకరికి రెండోసారి బల్ల ఎక్కాల్సి వస్తుంది. మిగతా ఏడుగురు కత్తి పడకుండానే బయటపడతారు! నన్నడిగితే ఇది మంచి బేరమే. కానీ బేరమని ముందే చెప్పే డాక్టరు దొరకాలి!

మరి పెద్దవాళ్ళ సంగతి? ఆస్ట్రియాలో 65 ఏళ్ళు దాటిన 73 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ప్లేటు వేసి ఆపరేషన్, ఇంకో జట్టుకు కట్టు. ప్లేటు వేసిన వాళ్ళ ఎక్స్‌రే అద్దంలా ఉంది! కట్టు వేసిన వాళ్ళ ఎముక కాస్త వంకరగా అతికింది. ఏడాది తర్వాత రోజువారీ పనుల్లో? ఇద్దరూ దాదాపు సమానం! పిడికిలి పట్టు మాత్రం ప్లేటు వాళ్ళకు కొంచెం ఎక్కువ. బామ్మగారు జడ వేసుకోవడానికి, కాఫీ కలపడానికి ఎక్స్‌రే అందంగా ఉండనక్కర్లేదు!

చిన్నపిల్లల ఎముకైతే ఇంకా చిత్రం! పడినప్పుడు పుటుక్కున విరగదు. అంచు కొద్దిగా నొక్కుకుపోయి ఉబ్బుతుంది. అలాంటి 965 మంది పిల్లలతో బ్రిటన్‌లో పరీక్ష చేశారు. సగం మందికి గట్టి కట్టు. సగం మందికి మెత్తని గుడ్డపట్టీ ఇచ్చి ఇంటికి పంపేశారు! మూడు రోజుల తర్వాత నొప్పి ఎంతని అడిగారు. రెండు జట్లకూ ఒకటే! రాయీ వద్దు, గాజూ వద్దు, గుడ్డ చాలు! ఇది ఆ ఒక్క రకం ఫ్రాక్చర్‌కే సుమా! ఏ రకమో మీరు కాదు, ఎక్స్‌రే చూసి డాక్టరు తేల్చాలి.

పూర్వం కట్టు విప్పడానికి ఏం వాడేవారో ఊహించండి. సుత్తి, కత్తి! విలియం ఈటన్ అనే ఇంగ్లీషు దౌత్యవేత్త 1798లో రాశాడు. బస్రా ప్రాంతంలో విరిగిన కాలి చుట్టూ జిప్సం ముద్దను ఏకంగా పోసేసేవారట! కాలు మొత్తం రాతి అచ్చులో! అతికాక పగలగొట్టడమే. లోపల ఉన్నది మన కాలని గుర్తుపెట్టుకుని మరీ పగలగొట్టాలి!

పోయడం మాని పట్టీకి పూయడం ఎవరికి తోచింది? నెదర్లాండ్స్ సైన్యంలో డాక్టరు ఆంటోనియస్ మాథైసన్‌కి! నూలు గుడ్డకు పొడి పిండి రుద్ది, అవసరమైనప్పుడు తడిపితే సరి! 1852లో ఆ పద్ధతి అచ్చయింది. అంతకుముందు బెల్జియంలో గంజి పెట్టిన పట్టీలు వాడేవారు. అవి ఆరడానికి రెండు మూడు రోజులు! మాథైసన్ పట్టీ నిమిషాల్లో బిగిసింది. నూట డెబ్భై ఏళ్ళు దాటినా ఇవాళ మన ఆసుపత్రిలో వాడేది దాదాపు అదే!

రష్యాలో పిరగోఫ్ అనే సర్జనుకు ఈ ఆలోచన ఎక్కడ వచ్చిందో తెలుసా? శిల్పి ఇంట్లో! గుడ్డ మీద జిప్సం ఎలా బిగుసుకుంటుందో అక్కడ చూశాడు. 1854లో క్రిమియా యుద్ధం. సెవాస్తొపోల్‌లో గాయపడ్డ సైనికుల చేతులకూ కాళ్ళకూ అదే కట్టు! ఎన్నో కాళ్ళు కోతను తప్పించుకున్నాయి!

కట్టు కోసే మిషన్ శబ్దానికి పిల్లలు గోల పెడతారు కదా? ఆ రంపం తిరగదు! అటూ ఇటూ కొద్దిగా ఊగుతుంది, అంతే! గట్టి కట్టు ఆ ఊపుకు తెగుతుంది. మెత్తని చర్మం దాంతో పాటే ఊగి తప్పించుకుంటుంది! అమెరికా డాక్టరు హోమర్ స్ట్రైకర్‌కి 1947లో దీని మీద పేటెంటు వచ్చింది. అయితే బ్లేడు వేడెక్కుతుంది, ఫైబర్ కోసేటప్పుడు మరీను! చురుక్కుమంటే ఊరుకోకండి, ఆపమనండి!

ఫైబర్ కట్టు నీళ్ళకు పాడవదు. అయినా స్నానం చేయకూడదు! ఎందుకు? లోపల చర్మానికి ఆనుకుని 2 లేదా 3 పొరల దూది ఉంటుంది. తడిసేది అది! ఒకసారి తడిస్తే ఓ పట్టాన ఆరదు. చర్మం నానిపోతుంది, వాసన వస్తుంది. నీళ్ళు ఓర్చుకునే ప్రత్యేకమైన లోపలి పొర వేస్తే సంగతి వేరు. అది వేశారో లేదో అడిగి తెలుసుకోండి. లేదంటే ప్లాస్టిక్ సంచే గతి!

కట్టు అరచేతి గీత దగ్గరే ఆగాలి, తెలుసా? 4 వేళ్ళూ మొదటి నుంచీ పూర్తిగా మడవగలగాలి! కట్టు వేసిన రోజే పిడికిలి బిగించి చూడండి. అడ్డం వస్తే అక్కడే చెప్పండి, కత్తిరిస్తారు. వేళ్ళు కదపకుండా ఆరు వారాలు దాచుకుంటే ఎముక అతుకుతుంది గానీ వేళ్ళు బిగుసుకుపోతాయి! ఫైబర్ అంచు గీసుకుంటుంది కూడా, మీద దూది మడిచారో లేదో చూడండి.

2013లో న్యూజిలాండ్ కుర్రాడు జేక్ ఎవిల్ వలలా చిల్లులున్న కట్టును డిజైన్ చేశాడు. త్రీడీ ప్రింటర్‌తో అచ్చు వేయొచ్చు! గాలి ఆడుతుంది, దురద పెడితే గోక్కోవచ్చు, స్నానం చేయొచ్చు! మన వీధి చివరి ఎముకల ఆసుపత్రిలో మాత్రం ఇంకా బకెట్టూ, పిండి పట్టీనే!

దురదకు స్కేలు, అల్లిక సూది, పుల్ల లోపలికి దూర్చకండి! 5 లేదా 6 వారాలు ఓర్చుకోవాలి. మరీ భరించలేకపోతే చల్లగాలి వచ్చేలా హెయిర్ డ్రయ్యర్ పెట్టుకోండి. వేడిగాలి వద్దు!

ఇక తీర్పు అడుగుతున్నారా? ఎముక సరిచేసిన తొలి రోజుల్లో నా ఓటు పిండికి! చెప్పినట్టు వింటుంది, చవక. వాపు తగ్గి, ఎముక కుదురుకున్నాక ఫైబర్ అడగండి. తేలిక, గట్టి, కొన్ని రెట్లు ఖరీదు. పిండి కట్టుతోనే ఆరు వారాలు గడిపినా నష్టమేమీ లేదు!

మొదటి 48 గంటలు చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచండి. వేళ్ళు నీలంగా మారాయా? చల్లబడ్డాయా? మొద్దుబారాయా? మాత్ర వేసినా నొప్పి పెరుగుతూనే ఉందా? వేళ్ళు చాపితే ప్రాణం పోతోందా? పిండి కట్టయినా, ఫైబర్ కట్టయినా తెల్లవారేదాకా ఆగకండి! అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళి కట్టు కోయించుకోండి!